డౌన్ గ్రామమందలి అద్దాల గది

చెట్టునకు సంస్కృతమున పాదపమని పేరు. పాదములతో త్రాగునది పాదపము. వేరే దానికి పాదము. ఆ వేరుతోనే నీరును, నేలలోని సారమును పీల్చుకొని బ్రదుకును గావున పెద్దలు దాని కా పేరు పెట్టిరి. మహాభారతమున శాంతిపర్వమునందు భరద్వాజుడు, చెట్లకు చూపు లేదు, వినికిడి లేదు, రుచి లేదు, అవి జీవు లెట్లగునని యడుగగా, భృగుమహర్షి అవి యన్నియు వానికి కలవని యొక్కొక్క నిదర్శనము చూపి సమాధానము చెప్పును. చిన్నతనమున మా తండ్రిగారి యొద్ద ఆ ఘట్టము చదువుకొన్నప్పుడు, చెట్టు చూచుననియు వినుననియు తెలిసి వింతపడితిమి గాని, చెట్టు పట్టి భుజించునను తలంపు మాకు కలుగలేదు. పాదములతో నీరు త్రాగుచు, చేతులవంటి ఆకులతో పురుగును పట్టి తినెడు మొక్కలును సృష్టిలో కలవు. అట్టి మొక్కలను తన యింట పెంచి, వాని భోజనవిధానమును ఏండ్ల తరబడి కనిపెట్టిన యొక గృహస్థుని నివాసమును మేము నిరుటి వేసవిలో చూచి వచ్చితిమి. ఆ యింటిని గురించియు, ఆ మొక్కలను గురించియు సోదరీమణులకు తెలుపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా లండనులో కాపురమున్నాడు. అతని పిలుపుపై బడి సెలవులలో మా వారును, మా పదేండ్ల అమ్మాయియు, మేమును అచటికి వెళ్ళితిమి. ఆ నగరమునకు పోయినవారెల్ల రాజభవనమును, వంతెనలను, వస్తుప్రదర్శనశాలలను చూచి వత్తురు. మేమును చూచితిమి. అయినను మా వారి మనస్సు మాత్రము డౌన్ అను చిన్న పల్లెమీద నుండెను. ఆయన బడిలో ప్రకృతిశాస్త్రము చెప్పుదురు. ప్రతియేటను కీటకాహారి మొక్కల పాఠము రాగానే నల్లబల్లమీద బొమ్మ గీచి చెప్పుటయే గాని, ప్రాణముతో నున్న యా మొక్క నొక్కనాడును చూచి యెరుగరు. పిల్లలు "మీరు చూచితిరా మాస్టరుగారూ?" అని యడిగినపుడు లేదని చెప్పుట ఆయనకు కష్టముగా నుండెడిది. ఆ కష్టము తీర్చుకొనుటకే యీ ప్రయాణము.

ఒకనాటి ఉదయము మా మరదలు కట్టియిచ్చిన పులిహోర పొట్లము చేతబట్టుకొని విక్టోరియా స్టేషనులో రైలెక్కితిమి. ఇరువది నిముషములలో బ్రామ్లీ సౌత్ చేరితిమి. అచ్చటినుండి 146వ నంబరు బస్సు డౌన్ గ్రామమునకు పోవును. అది గంటకొక్కటియే గావున కొంతసేపు నిలువవలసి వచ్చినది. బస్సు ఊరి వీథులను దాటగానే బాట సన్నగిల్లెను. ఇరువైపుల దట్టమైన కంచెపొదలు, వాని వెనుక గోధుమచేలు, పచ్చికబీళ్ళు. లండను నడిబొడ్డునకు పాతిక కిలోమీటర్ల దూరములో నింత ప్రశాంతమైన పల్లె యుండునని మేము తలంపలేదు. బస్సు దేవాలయము ముంగిట ఆగును. అక్కడనుండి లక్స్టెడ్ రోడ్డు వెంట కొంత దూరము నడచినచో ఎడమ కుడి చూడనక్కరలేకుండ డౌన్ గృహము కనబడును.

ఈ యింటి యజమాని చార్లెస్ డార్విన్. జీవజాతుల పుట్టుకను గురించి 1859లో గ్రంథము ప్రకటించి లోకమును కలవరపెట్టిన శాస్త్రజ్ఞుడని చదువుకొన్న పిల్లలందరకు తెలియును. ఆయనయు భార్య ఎమ్మాయు 1842లో ఇక్కడ కాపురము పెట్టిరి. ఆయన 1882లో చనిపోవు వరకు, నలువది సంవత్సరములు, ఇదే వారి యిల్లు. పదిమంది సంతానము కలిగిరి. వారిలో ఏడుగురు మాత్రమే పెరిగి పెద్దవారైరి. కాపురము పెట్టిన యేడే పుట్టిన పసికందు కొన్ని వారములకే పోయెను. ఆనీ యను కూతురు పదియవ యేట, 1851లో, మరణించెను. ఆ మాట చదివి మేము మా అమ్మాయి చేయి పట్టుకొంటిమి.

ఇంటిలో మేము చూచిన వస్తువులు మన యిండ్లలోని వస్తువులవలె వాడి వాడి అరిగినవే. చదువుల గదిలో ఆయన కూర్చుండిన కుర్చీ కలదు. బల్ల ముందు కూర్చుండుటకు ఒడలు సహింపక, కుర్చీ చేతులమీద పలక యడ్డముగా పెట్టుకొని వ్రాసెడువారట. ఆయనకు జీవితమంతయు ఏదో యొక జబ్బు వెంటనంటియే యుండెను. కూర్చుండుగదిలో ఎమ్మా వాయించిన పియానో ఉన్నది. సాయంకాలమున ఆమె పియానో వాయించుటయు, నవలలు చదివి వినిపించుటయు, భార్యాభర్తలు పాచికలాట ఆడుటయు నిత్యకృత్యములట. పెద్ద పెద్ద యంత్రములతో నిండిన శాస్త్రశాలను చూడబోవుచున్నామని తలంచిన మా అమ్మాయి, "ఇది మామూలు ఇల్లే కదా అమ్మా!" అన్నది. అవును, మామూలు ఇల్లే. మేము చెప్పదలచిన విషయమంతయు ఆ మాటలోనే యున్నది.

మరియొక సంగతి. డార్విను పోయినపిమ్మట ఎమ్మా 1896 వరకు జీవించెను. ఆ తరువాత, 1907లో ఆలివ్ విల్లిస్ అను విదుషీమణి యీ యింటిలోనే బాలికల పాఠశాల స్థాపించెను. పదునైదేండ్లు నిండకమునుపే పిల్లలకు చోటు చాలక ఆ పాఠశాల వేరొక చోటికి తరలిపోయినది గాని, నేటికిని డౌన్ హౌస్ అను పేరుతోనే నడచుచున్నది. ఇల్లు 1929లో ప్రజల దర్శనార్థము తెరువబడినది. ఇప్పుడు ఇంగ్లిష్ హెరిటేజ్ అను సంస్థ దీనిని సంరక్షించుచున్నది.

ఇక మొక్కల కథ. అది ఈ యింటిలో ప్రారంభము కాలేదు. ఒక తండ్రి దిగులులో ప్రారంభమైనది. 1860లో ఆయన కూతురు హెన్రియెట్టాకు, అనగా ఎట్టీకి, పదునేడేండ్లు. అప్పటికి కొన్ని నెలలుగా ఆమెకు తీవ్రమైన జబ్బు. గాలిమార్పునకై ఆ వేసవిలో ఆమెను వెంటబెట్టుకొని సస్సెక్స్ మండలమందలి హార్ట్‌ఫీల్డు గ్రామమున ఎమ్మా తోబుట్టువుల ఇండ్లకు వెళ్ళిరి. ఆ ప్రక్కనున్న బీడునేలలో, తడినాచులో, గుండ్రని ఆకుల చిన్న మొక్క యొకటి ఎర్రగా మెరయుచుండుటయు, దాని యాకులకు ఈగలు దోమలు అంటుకొని చచ్చియుండుటయు ఆయన కంటబడెను. ఒక డజను మొక్కలు తీసి చూడగా, విచ్చుకొనియున్న ఆకులు 56. వానిలో 31 ఆకులమీద పురుగులో, పురుగుల శేషములో ఉన్నవి. ఇది కాకతాళీయము కాదని ఆయనకు తోచినది.

శరత్కాలమున ఎట్టీని సముద్రతీరమందలి ఈస్ట్‌బోర్నునకు తీసికొనిపోయిరి. అక్కడ ఆ పిల్లకు జబ్బు మిక్కుటమైనది. పదేండ్ల బిడ్డను పోగొట్టుకొన్న తలిదండ్రులకు మరియొక కూతురు మంచమున నుండుట యెట్టి బాధయో తల్లులకు చెప్పనక్కరలేదు. ఆ రోజులలో ఆయన ఆ చిన్న మొక్కలను దగ్గర పెట్టుకొని వాని ఆకులను చూచుచు మనస్సును నిలుపుకొనెను. ఆ నవంబరులోనే మిత్రుడొకనికి జాబు వ్రాయుచు, ఈ సమయమున లోకములోని సమస్త జీవజాతుల పుట్టుకకన్న తనకీ మొక్కయే ముఖ్యమని తెలిపెను. ఎమ్మా యేమో, మా వారు ఈ మొక్కను జంతువని నిరూపింపక మానరు కాబోలునని యొక స్నేహితురాలికి హాస్యముగా వ్రాసినది. ఎట్టీ కోలుకొన్నది. 1927 వరకు బ్రదికి, తల్లి జాబులను పుస్తకముగా కూర్చినది గూడ ఆమెయే.

ఆ మొక్క పేరు సన్‌డ్యూ. సూర్యుని మంచు అని దాని యర్థము. శాస్త్రజ్ఞులు డ్రోసెరా యందురు. అదియు గ్రీకుభాషలో మంచును తెలుపు మాటనుండియే వచ్చినది. ఎండ పొడిచి తక్కిన మొక్కలమీది మంచు ఆరిపోయినను దీని ఆకులమీది బిందువులు ఆరవు. ఏలయన అవి మంచుబిందువులు కావు; జిగురుబిందువులు.

ఇంటి వెనుక తోటలో గోడ ప్రక్కన అద్దాల గది యున్నది. 1863 ఆరంభమున ఆయన ఇందులో వెచ్చని గదిని కట్టించి, క్యూ ఉద్యానవనమునుండి మొక్కలు తెప్పించుకొనెను. ఆ దేశపు చలికి ఉష్ణదేశముల మొక్కలు నిలువవు గదా. అందుచేత మన దేశపు వేడిని, మన దేశపు చెమ్మను అద్దములతోను పొయ్యితోను కొని తెచ్చుకొనవలసి వచ్చినది. మన వసారాలలో ఊరకనే దొరకునది అచ్చట ధనవంతుని సొత్తు.

లోపల అడుగు పెట్టగానే తడిమట్టి వాసన, వేడి. బల్లలమీద కుండీలలో సన్‌డ్యూలు, నోరు తెరచిన వీనస్ ఫ్లై ట్రాపులు, నిలువు గొట్టములవంటి ఆకులతో కూజా మొక్కలు వరుసగా నున్నవి. మా వారు కళ్ళద్దములు తుడుచుకొని ఒక కుండీ ముందు వంగిన వారు, చాలసేపు తల యెత్తలేదు. సన్‌డ్యూ ఆకు నిండ ఎర్రని సన్నని తంతువులు నిలిచియుండును. డార్విను ముప్పదియొక్క ఆకులను లెక్కించి చూడగా ఒక్కొక్క యాకునకు సగటున 192 తంతువులున్నవి. మిక్కిలి తక్కువగా 130, మిక్కిలి యెక్కువగా 260. ప్రతి తంతువు కొనయందును గుండుసూది తలవంటి గ్రంథి. దానిచుట్టు మెరయుచున్న జిగురుబొట్టు. మెరుపు చూచి వాలిన దోమ కాలు అంటుకొనును. పెనుగులాడినకొలది మరి రెండు బొట్లు అంటుకొనును. అంతట చుట్టునున్న తంతువులు, పిలిచినట్లు, ఒక్కొక్కటిగా ఆ వైపునకు వంగును. కొన్ని గంటలలో దోమ కనబడకుండ మూసికొనును. తరువాత మన కడుపులో ఊరు రసమువంటి పుల్లని రసము గ్రంథులనుండి ఊరి, మెత్తని భాగమును కరగించును. ఆకు దానిని పీల్చుకొనును. కొన్ని దినములకు తంతువులు మరల విచ్చుకొనును. రెక్కలు, కాళ్ళు ఎండి గాలికి రాలిపోవును.

మేము చూచుచుండగా ఒక దోమ అట్లే చిక్కుకొన్నది. మా అమ్మాయి మొగము చిన్నబుచ్చుకొని, "అమ్మా, దీనికి పాపము కాదా?" అని యడిగెను. వాళ్ళ నాన్నగారు, ఈ మొక్క పెరుగు బురదలో నత్రజని దాదాపు లేదనియు, ఆకుపచ్చదనము గలది గావున పిండిపదార్థమును తానే చేసికొనుననియు, నత్రజని కొరకే పురుగును పట్టుననియు వివరించిరి. అది శాస్త్రము; ఒప్పుకొనవలసినదే. కాని పిల్ల యడిగినది వేరు. మేము దానితో, "నాయనా, వేరొక దారి యుండి, అది తెలిసి, తప్పుదారి పట్టినవారికి పాపము. దీనికి నడచిపోవుటకు కాళ్ళు లేవు, మరియొక నేల లేదు. పాపపుణ్యముల లెక్క ఎంచుకొనగల మనకే గాని దీనికి కాదు" అంటిమి. అది కొంతసేపు ఆలోచించి, "అయితే దీనికన్న మనమే జాగ్రత్తగా ఉండవలెను" అన్నది. ఆ మాట మాకు నేటికిని జ్ఞాపకమున్నది.

ఈ గదిలోను, చదువుల గది కిటికీ దగ్గరను డార్విను చేసిన పరీక్షలను విన్నచో గృహిణులకు నవ్వు వచ్చును. ఏలయన ఆయన వాడిన సామగ్రిలో చాలభాగము వంటయింటిదే. ఉడికించిన గ్రుడ్డులోని తెల్లసొనను చిన్న చిన్న ఘనములుగా కోసి ఆకుమీద పెట్టెను. ముందు వాని మూలలు గుండ్రనై, క్రమముగా ఘనములు కరగిపోయినవి. పాలచుక్క, పచ్చిమాంసపు రసము, ఎంగిలి మొదలైన నత్రజని గల ద్రవములను 64 ఆకులమీద వేసి చూడగా 63 ఆకులు ముడుచుకొన్నవి. చక్కెరనీరు, గంజి, జిగురు, నూనె, తేనీరు మొదలగు నత్రజని లేని ద్రవములను 61 ఆకులమీద వేయగా ఒక్కటియు సరిగా కదలలేదు. బఠానీలు ఉడికించిన నీటికి మాత్రము చక్కగా ముడుచుకొన్నవి. పప్పుజాతిలో సత్తువ యున్నదని మనకు పెద్దలు చెప్పు మాటకు ఆ మొక్కయు సాక్ష్యము పలికినది!

అంతకన్న ఆశ్చర్యకరమైనది దాని స్పర్శజ్ఞానము. మనుష్యుని వెండ్రుకను అంగుళములో వేయింట ఎనిమిది వంతుల పొడవునకు కత్తిరించి గ్రంథిమీద పెట్టగా తంతువు వంగినది. ఆ వెండ్రుకముక్క బరువు మిల్లీగ్రాములో వేయవ వంతైనను లేదు. మన నాలుకమీద పెట్టినను అది యున్నట్లు మనకు తెలియదు. ఇంత సున్నితమైన మొక్కపై వానచుక్కలు దబదబ పడినను అది కదలదు. వాన పడినప్పుడెల్ల ముడుచుకొన్నచో పాప మది బ్రదుకునా! ఏది లెక్కచేయవలెనో, ఏది చేయరాదో దానికి తెలియును.

ఇట్లు పదునైదేండ్లు విడిచి విడిచి పరిశీలించి, 1875 జూలైలో కీటకాహారి మొక్కలను గురించిన గ్రంథము ప్రకటించెను. బొమ్మలు కుమారులు జార్జి, ఫ్రాన్సిస్‌లు వేసిరి. అయినను ఒక సందేహము మిగిలినది: పురుగు తిన్నందువలన మొక్కకు నిజముగా మేలు కలుగుచున్నదా? దానిని తేల్చినది ఫ్రాన్సిస్. అతడు సూపు త్రాగెడు లోతుపళ్ళెములలో నాచు నింపి సన్‌డ్యూలు నాటి, ఒక్కొక్క పళ్ళెమును నడుమ చెక్కతో రెండు భాగములు చేసి, ఒక భాగమునకు వేయించిన మాంసపు నలుసులు పెట్టి, రెండవ భాగమును పస్తుంచెను. తిన్న మొక్కలకు పస్తున్నవానికన్న రెండు రెట్లకు మించి విత్తనములు కలిగినవి. 1878లో ప్రకటింపబడిన యీ ఫలితమునకు వలసినది చూడగా పళ్ళెములు, చెక్కముక్కలు, ఓపిక.

డార్విను గ్రంథములో మేరీ ట్రీట్ అను నామె పేరు కలదు. ఆమె అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున వైన్‌లాండ్ అను ఊరిలో నుండెడిది. భర్త విడిచిపోగా, పత్రికలకు ప్రకృతివ్యాసములు వ్రాసి పొట్ట పోసికొన్నది. నీటిలో పెరిగి, తిత్తులతో సూక్ష్మజీవులను మ్రింగెడు యుట్రిక్యులేరియా మొక్కను సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చూచి, తాను చూచినది చూచినట్లు డార్వినునకు జాబులు వ్రాసెడిది. పురుగులు ఆ తిత్తులలోనికి తామై తలుపు త్రోసికొని పోవునని ఆయన తలంచెను. తిత్తియే వానిని లోనికి లాగికొనుచున్నదని ఈమె గమనించినది. ఆమె చూపే సరియైనదని తరువాతి శాస్త్రము తేల్చెను. 1885లో ఆమె ప్రకటించిన గ్రంథము పేరునకు అర్థము, 'ఇంటి దగ్గర ప్రకృతి పరిశీలన'. కళాశాల కాదు, పరిశోధనాలయము కాదు, ఇంటి దగ్గర.

ఇచ్చట ఒక్కమాట వ్రాయక తప్పదు. డార్వినునకు పదునైదేండ్లు ఒక ఆకును చూచుటకు తీరిక యెట్లు కలిగినది? జబ్బుమనిషికి పథ్యము, పిల్లలకు చదువు, పనివారి లెక్కలు, వచ్చిపోవు చుట్టములు, వీని నన్నిటిని ఎమ్మా తలకెత్తుకొన్నది గనుక. సంపన్నుల యిల్లు కావున పనివారును ఉండిరి. ఆ తీరికను కల్పించినవారి పేర్లు గ్రంథము అట్టమీద ఉండవు. ఇది ఫిర్యాదుగా వ్రాయుట లేదు. గ్రామ దేవాలయపు ఆవరణలో ఆమె సమాధి యున్నది. భర్తను లండనులో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పాతిపెట్టిరి. తిరిగి వచ్చునపుడు మేము ఆ సమాధి ముందు కొంచెముసేపు నిలిచి వచ్చితిమి.

సోదరీమణులారా! ఈ మొక్క సీమదేశమునకే పరిమితమైనదని తలంపకుడు. సన్‌డ్యూలు ప్రపంచమున రెండు వందల రకములకు పైగా కలవు. మన తూర్పు కనుమల చరియలందు, తెలంగాణపు రాతినేలలందు, వానకాలము తరువాత చెమ్మ యారని ఇసుకనేలలలో రెండు రకములు పెరుగుచున్నవి. ఒకటి డ్రోసెరా బర్మానీ: నేలకంటుకొని గులాబిరేకుల అమరికవలె నుండును, వెడల్పు రూపాయి బిళ్లంత, పువ్వు తెల్లనిది. దాని చివరి తంతువులు కొన్ని సెకనులలోనే వంగును. రెండవది డ్రోసెరా ఇండికా: నిలువుగా పెరిగి, దారములవంటి పొడుగాటి ఆకులు కలిగియుండును, పువ్వు చాలవరకు గులాబివన్నె. గడ్డి కోయువారి కాళ్ళక్రింద ఇవి యుండును గాని వంగి చూచువారు అరుదు.

డౌన్ నుండి వచ్చిన తరువాత, ఇట్టి మొక్కలు పెంచువారి యొద్ద మేము బర్మానీ విత్తనములు సంపాదించి శ్రావణమాసములో చల్లితిమి. మార్గశిరమునాటికి తూర్పు వసారాలో పదునాలుగు మొక్కలు ఎర్రగా మెరసినవి. ఆ కుండీని మా వారు బడికి తీసికొనిపోయిరి. ఆనాడు నల్లబల్లమీద బొమ్మ గీయలేదట. పిల్లలు నలుగురు నలుగురుగా వచ్చి భూతద్దముతో చూచిరి. వెనుకబల్ల పిల్లవాడొకడు మొట్టమొదటిసారి నోరు విప్పి ప్రశ్న వేసినాడని ఆయన యింటికి వచ్చి సంతోషముతో చెప్పిరి.

పెంపకమునకు వలసిన విషయములు స్వల్పము. మంచి నేల, మంచి ఎరువు అను మాటలను మరచిపోవలెను. కడిగిన యేటియిసుక ఒక పాలు, ఉప్పు పోవునట్లు నాలుగైదు నీళ్ళు మార్చి నానబెట్టి కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు కలిపి, అడుగున చిల్లులున్న చిన్న కుండీలో నింపవలెను. పెంటయెరువు గాని, దుకాణపు ఎరువు గాని చిటికెడైనను కూడదు. సారము లేని నేలకు అలవడిన వేళ్ళు దానికి మాడిపోవును. కుండీని పళ్ళెములో పెట్టి, పళ్ళెమున వ్రేలి మందమున నీరుంచవలెను. ఆ నీరు వాననీరైన శ్రేష్ఠము. లేకున్న లవణములు తీసిన నీరు. బోరునీరు, కుళాయినీరు పోసినచో అందలి లవణములు పేరుకొని మొక్క క్రమముగా చచ్చును. వానకాలమున శుభ్రమైన బిందెలతో నీరు పట్టి మూతపెట్టి యుంచుకొనుట మేలు. దోమలు గ్రుడ్లు పెట్టకుండ గుడ్డ కట్టుడు.

విత్తనములు పొడివలె నుండును. వానిని పైన చల్లవలెనే గాని మట్టి కప్పరాదు; వెలుతురు తగిలిననే మొలచును. మొలక కనబడు వరకు కుండీపై గాజుపలక మూతపెట్టిన చెమ్మ నిలుచును. మొలచిన తరువాత తూర్పు కిటికీలోగాని, వసారా అంచునగాని, పూటకు నాలుగైదు గంటల యెండ తగులునట్లు పెట్టుడు. ఎండ చాలకున్న ఆకులు పచ్చగా సాగి జిగురు తగ్గును. వేడిగాలి కొట్టుచోట పెట్టకుడు. పిల్లలు ముచ్చటపడి పాలచుక్కలు, అన్నపుమెతుకులు వేయుదురు. ఆకు కుళ్ళును, బూజు పట్టును. డార్విను పరీక్షకై చేసినవి మనము పోషణకై చేయరాదు. ఇంటిలోని చిన్న దోమలు, చీమలు దానికి చాలును. ఇది దోమల బెడదను తీర్చునని యాశపడి మాత్రము పెంచవలదు. ఒక మొక్క తిండి అతి స్వల్పము.

మన రకములు రెండును సాధారణముగా ఒక్కయేటి మొక్కలు. వేసవికి ఎండిపోవును. అది మన లోపము కాదు. పువ్వులు ఎండగానే విత్తనములను కాగితపు పొట్లములో దులుపుకొని, తేదీ వ్రాసి దాచినచో మరుసటి వానలకు మరల మొలచును. వీనస్ ఫ్లై ట్రాపును కొని తెచ్చుకొను కోరిక చాలమందికి కలుగును. అమెరికాలోని కరొలైనా తీరమునకు చెందిన యా మొక్కకు ప్రతియేట చలికాలపు నిద్ర కావలెను. మన కోస్తా యెండలలో అది రెండు మూడేండ్లకన్న బ్రదుకుట కష్టము. మన వాతావరణమునకు మన మొక్కయే తగినది.

ఒక్క ప్రార్థన. కొండచరియలలో కనబడిన సన్‌డ్యూలను పెకలించి తేకుడు. దాని వేరు అల్పము. చోటు మారిన తరచుగా చచ్చును. ఊళ్ళు పెరిగి, తడినేలలు పూడి, ఇండ్లస్థలములగుచున్న యీ దినములలో మిగిలినవానిని అక్కడనే బ్రదుకనీయవలెను. చూడగోరువారు పిల్లలను వెంటబెట్టుకొని కార్తికమాసపు వనభోజనములకు పోయినపుడు తడియిసుక నేలపై వంగి వెదకుడు. వంగి చూచి, లేచి రండు.

ఇంటిలో పెంచగోరువారు మొక్కకన్న ముందు ఒక నోటుపుస్తకమును సిద్ధము చేసికొనుడు. ఏనాడు చల్లితిరో, ఏనాడు మొలచినదో, ఏ యాకు ఏ పురుగును ఎన్ని గంటలు మూసికొనియుండినదో, ఆనాడు ఎండయో మబ్బో, రోజున కొక్క పంక్తి వ్రాయుడు. పొయ్యిమీద పప్పు ఉడుకులోపల వ్రాయగలిగినంత చాలును. మీ పుస్తకములోని పంక్తియు, పుస్తకాలలో అచ్చయిన పంక్తియు భేదించినచో తొందరపడి మీదానిని కొట్టివేయకుడు. మరునాడు మరల చూడుడు.